గోదావరికి ఇరువైపులా నామసేవ: డీఎన్‌ఎస్ భార వితరణ, జోన్ బదిలీ సమస్యలు

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ అవుతాయి. 1986 ఆగస్టు 16న ఆ మట్టం 75.6 అడుగులకు, 2022 జూలై 16న 71.3 అడుగులకు చేరింది. 2022 వరదలో సారపాక వైపు నుంచి పట్టణంలోకి వచ్చే వంతెనపై రాకపోకలను నిలిపివేయవలసి వచ్చింది. అటువంటి రోజుల్లో నీరు ఎంత పెరిగింది, ఏ రహదారి మునిగింది, పునరావాస కేంద్రం ఎక్కడ తెరిచారు అన్న సమాచారం చర్ల, దుమ్ముగూడెం, చింతూరు, కూనవరం ప్రాంతాల ప్రజలకు చేతిలోని ఫోన్ ద్వారానే అందాలి. ఆ ఫోన్ ఏ వెబ్‌సైటును తెరవాలన్నా అన్నిటికంటే ముందు జరగవలసిన పని ఒకటి ఉంది. అది ఆ సైటు పేరును సంఖ్యారూపమైన చిరునామాగా మార్చడం. ఈ మార్పిడి ఆగిపోతే, సమాచారమున్న సర్వర్ నిక్షేపంగా నడుస్తున్నా లోకానికి అది లేనట్లే. ఈ మార్పిడికి ఆధారమైన శాస్త్రాన్నీ, దానిని నిర్వహించే పద్ధతినీ, అందులో తరచుగా తలెత్తే చిక్కులనూ ఖమ్మం నుంచి భద్రాచలం వరకు ఉన్న అటవీ సరిహద్దును దృష్టిలో ఉంచుకొని వివరించడం ఈ వ్యాసం లక్ష్యం.

అంతర్జాలంలోని పేర్లకు, వాటికి చెందిన చిరునామాలు మొదలైన వివరాలకు మధ్య సంబంధాన్ని భద్రపరచి, అడిగినవారికి తెలియజేసే వికేంద్రీకృత వ్యవస్థను డొమైన్ నేమ్ సిస్టమ్ అనీ, క్లుప్తంగా డీఎన్‌ఎస్ అనీ అంటారు. దీనికి ముందు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో ఒకే ఒక పట్టిక ఉండేది. అన్ని కంప్యూటర్లూ దానిని ఎప్పటికప్పుడు తెచ్చుకొని నకలు ఉంచుకొనేవి. యంత్రాల సంఖ్య పెరిగేకొద్దీ ఆ పట్టిక ఎప్పుడూ పాతబడే ఉండేది. ఈ ఇబ్బందికి పరిష్కారంగా పాల్ మొకపెట్రిస్ 1983లో డీఎన్‌ఎస్‌ను రూపొందించారు. 1987 నవంబరులో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1034, ఆర్‌ఎఫ్‌సీ 1035 అనే ప్రమాణపత్రాలు నేటికీ దానికి మూలాధారాలు. ఒక జాబితా నకళ్లను అనేక చోట్ల ఏకరూపంగా ఉంచడం ఎలా అన్న ప్రశ్నతోనే ఈ వ్యవస్థ పుట్టిందన్న విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. జోన్ బదిలీలో కలిగే చిక్కులన్నీ ఆ ప్రశ్నకు సంబంధించినవే.

డీఎన్‌ఎస్‌లో పేర్లు ఒక వృక్షంగా అమరి ఉంటాయి. ఖమ్మం జిల్లా సైటు పేరును ఉదాహరణగా తీసుకుందాం: ఖమ్మం డాట్ తెలంగాణ డాట్ గవ్ డాట్ ఇన్. దీనిని కుడి నుంచి ఎడమకు చదవాలి. అన్నిటికీ పైన మూలజోన్, దాని కింద భారతదేశానికి కేటాయించిన ఇన్, దాని కింద ప్రభుత్వ సంస్థలకు ప్రత్యేకించిన గవ్, ఆ తరువాత రాష్ట్రం, చివరకు జిల్లా. ఇన్ విభాగాన్ని నిక్సీగా పిలిచే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా పర్యవేక్షిస్తుంది. గవ్ డాట్ ఇన్ పేర్ల నమోదును నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ చూస్తుంది. పైవారు కింది విభాగంపై అధికారాన్ని వేరొకరికి అప్పగించడాన్ని అధికార ప్రదానం అంటారు. ఒకే నిర్వాహకుని అధికారంలో, ఒకే దస్త్రంగా ఉండే భాగమే జోన్. ప్రతి చుక్క దగ్గరా జోన్ మారాలన్న నియమం లేదు; ఒక జోన్‌లో అనేక అంతస్తుల పేర్లు ఉండవచ్చు. డొమైన్, జోన్ ఒకటేననుకోవడం కొత్తగా నేర్చుకొనేవారిలో సాధారణమైన పొరపాటు. డొమైన్ అనేది వృక్షంలోని ఒక శాఖ మొత్తం. అందులో ఇతరులకు అప్పగించిన భాగాలు పోగా మిగిలినదే జోన్.

నామవృక్షంలోని సామీప్యానికీ, నేలమీది సామీప్యానికీ సంబంధం లేదు. ఈ సరిహద్దు ప్రాంతమే అందుకు మంచి నిదర్శనం. 2014లో రాష్ట్ర పునర్విభజన సందర్భంగా చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మొదలైన మండలాలూ, భద్రాచలం పట్టణం చుట్టూ ఉన్న గ్రామాలూ ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. పట్టణం మాత్రం తెలంగాణలో నిలిచింది. పట్టణాన్ని ఆనుకొనే ఉన్న ఎటపాకలోని ప్రభుత్వ కార్యాలయం పేరు ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ శాఖకు చెందితే, నడిచి వెళ్లగలిగేంత దూరంలోని భద్రాచలం కార్యాలయం పేరు తెలంగాణ డాట్ గవ్ డాట్ ఇన్ శాఖకు చెందుతుంది. వరద రెండింటినీ ఒకేసారి ముంచుతుంది. పేర్ల వెనుక ఉన్న యంత్రాంగాలు మాత్రం వేరు వేరు.

ఇక సర్వర్లు రెండు తరగతులు. వినియోగదారుని తరఫున ప్రశ్నను తీసుకొని, మూలజోన్ మొదలుకొని ఒక్కొక్క అంతస్తు దిగుతూ సమాధానాన్ని వెతికి తెచ్చేది రిజాల్వర్, అంటే పరిష్కారక సర్వర్. ఒక జోన్‌కు సంబంధించిన నమోదులను తన వద్ద ఉంచుకొని, వాటి విషయంలో తుది సమాధానం చెప్పేది అధికారిక సర్వర్. పరిష్కారక సర్వర్ తనకు లభించిన సమాధానాన్ని కొంతకాలం తాత్కాలికంగా నిల్వ చేసుకుంటుంది. ఆ కాలాన్ని నిర్ణయించే సంఖ్యను టీటీఎల్, అంటే నమోదు జీవితకాలం అంటారు. అధికారిక సర్వర్లలో మళ్లీ రెండు రకాలు. నిర్వాహకుడు మార్పులు చేసేది ప్రధాన సర్వర్‌లో. దాని నుంచి జోన్‌ను నకలు చేసుకొని అంతే అధికారంతో సమాధానమిచ్చేది అనుబంధ సర్వర్. వెలుపలి నుంచి అడిగేవారికి ఈ రెండింటి మధ్య తేడా తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. అనుబంధ సర్వర్ ప్రధానం చనిపోయినప్పుడు మాత్రమే మేల్కొంటుందన్న భావన తప్పు. అది ఎల్లవేళలా పనిచేస్తూనే ఉంటుంది.

ప్రతి జోన్‌కు కనీసం రెండు అధికారిక సర్వర్లు ఉండాలన్నది తొలినాటి నియమం. అయితే ఈ నియమాన్ని అక్షరాలా పాటిస్తూనే దాని ఆశయాన్ని చంపడం చాలా సులభం. ఒకే గదిలో, ఒకే విద్యుత్ తీగపై, ఒకే ఫైబర్ చివర రెండు సర్వర్లను పెట్టి రెండు ఉన్నాయని లెక్క చూపడం ఒకే రేవులో ఒకే గుంజకు రెండు పడవలను కట్టడం వంటిది. 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2182 ఈ విషయాన్ని స్పష్టంగా చెప్పింది: అనుబంధ సర్వర్లు భౌగోళికంగానూ, నెట్‌వర్క్ మార్గాల రీత్యానూ పరస్పరం దూరంగా ఉండాలి. ఈ రెండవ షరతు మరింత సూక్ష్మమైనది. ఖమ్మంలో ఒకటి, కొత్తగూడెంలో ఒకటి ఉన్నా, రెండింటి సంకేతాలూ ఒకే కేబుల్ గుండా హైదరాబాదు చేరుతుంటే, రోడ్డు విస్తరణలో ఒక్క జేసీబీ పంటి దెబ్బకు రెండూ ఒకేసారి మూగబోతాయి.

నకళ్లను ఏకరూపంగా ఉంచే యంత్రాంగానికి కీలకం జోన్ తలభాగంలో ఉండే ఎస్‌ఓఏ నమోదు. ఇందులో ఐదు సంఖ్యలుంటాయి. మొదటిది క్రమసంఖ్య, జోన్ మారిన ప్రతిసారీ ఇది పెరగాలి. రెండవది, ప్రధాన సర్వర్‌లో క్రమసంఖ్య పెరిగిందో లేదో అనుబంధ సర్వర్ ఎంత కాలానికొకసారి విచారించాలో చెబుతుంది. మూడవది, ఆ విచారణ విఫలమైతే ఎంతసేపటికి మళ్లీ ప్రయత్నించాలో చెబుతుంది. నాలుగవది గడువు; ఇంతకాలం ప్రధాన సర్వర్‌తో సంబంధం దొరకకపోతే తన నకలు చెల్లదని అనుబంధ సర్వర్ భావించాలి. ఐదవది, ఒక పేరు లేదన్న సమాధానాన్ని ఎంతకాలం నిల్వ ఉంచుకోవచ్చో తెలుపుతుంది. దీని అర్థాన్ని ఈ విధంగా స్థిరపరచినది 1998 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2308.

వీటిలో నాలుగవ సంఖ్యపై పాఠకులు ప్రత్యేకంగా శ్రద్ధ వహించాలి. ఎక్కడినుంచో నకలు చేసిన నమూనాలో గడువు 86400 సెకన్లు, అంటే ఒక్క రోజు అని ఉంటే దానిని అలాగే వదిలేసేవారు ఉన్నారు. మామూలు రోజుల్లో దాని వల్ల ఏ నష్టమూ కనబడదు. కానీ గోదావరి రోజుల తరబడి ప్రమాదస్థాయి పైన నిలిచినప్పుడు, తెగిన కేబుల్‌ను చేరుకోవాలన్నా ముందు నీరు తీయాలి. అప్పుడు భద్రాచలంలోని అనుబంధ సర్వర్ వద్ద ఉన్న సమాచారం అక్షరం తేడా లేకుండా సరైనదే అయినా, రెండవ రోజుకే అది తన జోన్‌ను తానే రద్దు చేసుకొని, అడిగినవారందరికీ సర్వర్ వైఫల్యం అని బదులిస్తుంది. 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1912 గడువును రెండు నుంచి నాలుగు వారాలు, అంటే 1209600 నుంచి 2419200 సెకన్లు ఉంచమని సూచించింది. వరద ప్రాంతంలో అంతకు తగ్గించడానికి నాకు ఏ కారణమూ కనబడదు. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం: జోన్‌కు డీఎన్‌ఎస్‌సెక్ పద్ధతిలో డిజిటల్ సంతకాలు ఉంటే, ఆ సంతకాల చెల్లుబాటు కాలం గడువు కంటే ఎక్కువగా ఉండాలి. లేకపోతే జోన్ బతికి ఉన్నా సంతకం చచ్చి ఉంటుంది.

జోన్ బదిలీ రెండు రీతులు. జోన్ మొత్తాన్ని మొదటి నుంచి చివరి వరకు పంపేది ఏఎక్స్‌ఎఫ్‌ఆర్, అంటే సంపూర్ణ బదిలీ. పాత క్రమసంఖ్యకూ కొత్త క్రమసంఖ్యకూ మధ్య జరిగిన చేర్పులనూ తీసివేతలనూ మాత్రమే పంపేది ఐఎక్స్‌ఎఫ్‌ఆర్, అంటే పాక్షిక బదిలీ. దీనిని 1996లో ఆర్‌ఎఫ్‌సీ 1995 నిర్వచించింది. దాని వెంటనే వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1996, జోన్ మారగానే ప్రధాన సర్వర్ తానే అనుబంధ సర్వర్లకు కబురు పంపే నోటిఫై పద్ధతిని ప్రవేశపెట్టింది. కబురు అందిన అనుబంధ సర్వర్ ఎస్‌ఓఏను అడిగి, క్రమసంఖ్యను తన వద్ద ఉన్నదానితో పోల్చి, పెరిగితేనే బదిలీ కోరుతుంది. కబురు దారిలో పోయినా నష్టం లేదు. రెండవ సంఖ్య ప్రకారం తన వంతు విచారణ వచ్చినప్పుడు మార్పు తెలుస్తుంది. ఆలస్యం మాత్రమే జరుగుతుంది.

ఇప్పుడు భార వితరణకు వద్దాం. వచ్చే ప్రశ్నల భారాన్ని అనేక సర్వర్ల మధ్య పంచి, ఏ ఒక్కటీ కుంగిపోకుండా, ఏ ఒక్కటి పడిపోయినా సేవ ఆగకుండా చూడడమే భార వితరణ. ముందుగా అసలు భారమెంతో లెక్కించడం నేర్చుకోవాలి. శ్రీరామనవమి కల్యాణం టికెట్ల విక్రయం ఆన్‌లైన్‌లో మొదలయ్యే ఉదయం భద్రాచలం దేవస్థానం సైటును వేలాదిమంది ఒకేసారి తెరుస్తారు. అందువల్ల డీఎన్‌ఎస్ సర్వర్‌పైనా అంతే భారం పడుతుందని అనుకోవడం సహజమే గాని, అది నిజం కాదు. అధికారిక సర్వర్‌ను అడిగేది భక్తులు కాదు, వారి పక్షాన పరిష్కారక సర్వర్లు. టీటీఎల్ 300 సెకన్లు ఉంటే, ఒక పరిష్కారక సర్వర్ వెనుక పదిమంది ఉన్నా లక్షమంది ఉన్నా, ఆదర్శస్థితిలో అది 300 సెకన్లకు ఒక్కసారే అడుగుతుంది. 2000 పరిష్కారక సర్వర్లు ఉన్నాయనుకుంటే, ఆ పేరుకు సెకనుకు వచ్చే ప్రశ్నలు సుమారు 7. టీటీఎల్‌ను 30కి తగ్గిస్తే అవి సుమారు 67 అవుతాయి. కనుక పండుగ రద్దీని మోయవలసినది ప్రధానంగా వెబ్ సర్వర్. డీఎన్‌ఎస్‌ను నిజంగా కుంగదీసేవి లేని పేర్లను కుప్పలుతెప్పలుగా సృష్టించి అడిగే దాడులు, నకిలీ చిరునామాలతో జరిపే ప్రతిఫలన దాడులు. 2016 అక్టోబరు 21న అమెరికాలోని డైన్ అనే డీఎన్‌ఎస్ సంస్థపై మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ సోకిన ఇంటి పరికరాలతో జరిగిన దాడి వల్ల ఎన్నో ప్రసిద్ధ సైట్లు గంటల తరబడి అందకుండా పోయాయి.

భార వితరణకు ఉన్న మార్గాలలో తొలిదీ సులభమైనదీ జోన్‌కు అనేక అధికారిక సర్వర్లను పేర్కొనడం. ఆధునిక పరిష్కారక సర్వర్లు చాలావరకు వాటి స్పందనకాలాన్ని కొలిచి, వేగంగా పలికేవాటివైపు మొగ్గుతాయి. ఒకే పేరుకు అనేక చిరునామాలిచ్చి, సమాధానంలో వాటి వరుసను మారుస్తూ పోయే చక్రభ్రమణ పద్ధతి మరొకటి. రౌండ్ రాబిన్‌గా పేరొందిన ఈ పద్ధతిని 1995 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1794 చర్చించింది. ఇది వెబ్ సర్వర్ల భారాన్ని పంచుతుందే గాని, వాటిలో ఒకటి చనిపోయిందని దానికి తెలియదు. చనిపోయిన చిరునామాను కూడా తన వంతుకు చెబుతూనే ఉంటుంది. అడిగినవారి ప్రాంతాన్ని బట్టి సమాధానమిచ్చే పద్ధతి మరింత ఆకర్షణీయంగా కనిపిస్తుంది. కానీ ఈ సరిహద్దులో అది పెద్దగా అక్కరకు రాదు. టెలికాం లైసెన్సుల లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ కలిసి ఒకే సర్కిల్. పైగా అధికారిక సర్వర్‌కు కనిపించేది సాధారణంగా ఎక్కడో నగరంలో ఉన్న పరిష్కారక సర్వర్ చిరునామా. దుమ్ముగూడెం ఫోన్‌నూ, కూనవరం ఫోన్‌నూ అది వేరుచేసి చూడలేదు.

అన్నిటిలో బలమైనది ఎనీకాస్ట్. ఒకే ఐపీ చిరునామాను అనేక ప్రదేశాల నుంచి ప్రకటిస్తే, నెట్‌వర్క్ మార్గాలే ప్రశ్నను దగ్గరి సర్వర్‌కు చేరుస్తాయి. మూలజోన్ సర్వర్లకు ఏ నుంచి ఎం వరకు 13 పేర్లే ఉన్నా, ప్రపంచవ్యాప్తంగా వాటి ప్రతులు వెయ్యికి మించి ఉండడం ఈ పద్ధతి వల్లనే సాధ్యమైంది. సర్వర్ అస్వస్థంగా ఉంటే తన ప్రకటనను తానే ఉపసంహరించుకోవాలి; అప్పుడు ప్రశ్నలు వేరే ప్రతికి మళ్లుతాయి. అయితే 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్‌కు జరిగినది ఇక్కడ తలచుకోవాలి. దాని వెన్నెముక నెట్‌వర్క్ తెగిపోగానే, ఆరోగ్యంగానే ఉన్న డీఎన్‌ఎస్ సర్వర్లన్నీ తమను తాము అస్వస్థమైనవిగా భావించి ఒక్కసారిగా ప్రకటనలను ఉపసంహరించుకున్నాయి. సుమారు ఆరు గంటలపాటు ఆ పేరు లోకంలో లేకుండా పోయింది. అన్నీ ఒకేసారి తప్పుకొనే వీలు లేకుండా, కనీసం ఒక్కటి ఎట్టిస్థితిలోనూ నిలిచేలా ఏర్పాటు ఉండాలి.

ఒకే చోట అనేక యంత్రాలుంటే వాటి ముందు డీఎన్‌ఎస్‌డిస్ట్ వంటి వితరణ సాధనాన్ని నిలపడం సాధారణ ఆచారం. సరిగ్గా ఇక్కడే భార వితరణ, జోన్ బదిలీ అనే రెండు అంశాలు ఒకదానిలో ఒకటి పెనవేసుకుంటాయి. ఈ సంబంధాన్ని గమనించకపోవడం వల్లనే ఎక్కువ చిక్కులు వస్తాయని నా దృఢ విశ్వాసం. నాలుగు అనుబంధ సర్వర్లు ఒకే ఉమ్మడి చిరునామా వెనుక ఉన్నాయనుకుందాం. ప్రధాన సర్వర్ పంపిన నోటిఫై ఆ ఉమ్మడి చిరునామాకు చేరితే, వితరణ సాధనం దానిని నాలుగింటిలో ఒక్కదానికే అందిస్తుంది. ఆ ఒక్కటి వెంటనే కొత్త నకలు తెచ్చుకుంటుంది. మిగిలిన మూడూ తమ విచారణ వంతు వచ్చేదాకా పాత సమాధానమే చెబుతాయి. అడిగిన ప్రతిసారీ జవాబు మారుతుంటే వినియోగదారు ఫోన్‌ను అనుమానిస్తాడు, నిర్వాహకుడు టీటీఎల్‌ను అనుమానిస్తాడు. దీనికి తోడు, ఆ సర్వర్లు బదిలీ కోరేటప్పుడు తమ సొంత చిరునామాల నుంచి బయలుదేరుతాయి. ప్రధాన సర్వర్ అనుమతి జాబితాలో ఉమ్మడి చిరునామా మాత్రమే ఉంటే, బదిలీ తిరస్కృతమవుతుంది.

కనుక నోటిఫైని ప్రతి సర్వర్ సొంత చిరునామాకూ విడివిడిగా పంపేటట్లు ప్రధాన సర్వర్‌లో వ్రాయాలి. అనుమతి జాబితాలోనూ అవే చిరునామాలుండాలి. అంతకంటే ముఖ్యం, వితరణ సాధనం చేసే ఆరోగ్య పరీక్ష స్వభావం. సర్వర్ జవాబిస్తోందా అని మాత్రమే అడగడం చాలదు. ఎస్‌ఓఏను అడిగి, వచ్చిన క్రమసంఖ్యను తోటి సర్వర్లతో పోల్చి, నిర్ణీత కాలానికి మించి వెనుకబడినదానిని వరుస నుంచి తప్పించాలి. జవాబివ్వని సర్వర్ కంటే పాత జవాబును ధైర్యంగా ఇచ్చే సర్వర్ ఎక్కువ ప్రమాదకరం. మొదటిదానిని పరిష్కారక సర్వర్ వదిలి మరొకదానిని అడుగుతుంది, రెండవదానిని నమ్ముతుంది.

బదిలీ జరగడం లేదని అనుమానం వచ్చినప్పుడు పరిశీలన ఒక క్రమంలో సాగాలి. డిగ్ అనే ఉపకరణంతో ప్రతి సర్వర్‌నూ విడివిడిగా ఎస్‌ఓఏ అడిగి, క్రమసంఖ్యలను పక్కపక్కన వ్రాసుకోవడం మొదటి మెట్టు. అన్నీ సమానంగా ఉండి మార్పు మాత్రం కనబడకపోతే, జోన్‌ను దిద్దినవారు క్రమసంఖ్యను పెంచడం మరచిపోయారన్నమాట. బదిలీ యంత్రాంగంలో లోపమే లేదు. తెలుగులో ఉన్న డాట్ భారత్ పేర్ల జోన్లలో మరొక పొరపాటు జరుగుతుంది. దస్త్రంలో పేరును తెలుగు అక్షరాలతో కాక, ప్యూనీకోడ్ అనే రోమన్ అక్షరాల సంకేత రూపంలో వ్రాయాలి. కంటికి ఒకేలా కనబడే రెండు తెలుగు పదాలలో ఒకదానిలో పొల్లు పక్కన అదృశ్యాక్షరం చేరితే, ఆ రూపాలు వేరవుతాయి, పేరు దొరకదు.

ప్రధాన సర్వర్ క్రమసంఖ్య కంటే అనుబంధ సర్వర్ క్రమసంఖ్య పెద్దదిగా కనబడితే, అది వేలు జారిన ఫలితం. క్రమసంఖ్యను సంవత్సరం, నెల, తేదీ, ఆనాటి మార్పు వరుసలతో పది అంకెలుగా వ్రాయడం ఆనవాయితీ. 2025071601 అని వ్రాయబోయి 2052071601 అని వ్రాశారనుకుందాం. మర్నాడు 2025071701 అని సరిగా వ్రాసినా అది చిన్న సంఖ్య కనుక అనుబంధ సర్వర్లు కదలవు. 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1982 ప్రకారం ఈ సంఖ్యలు వృత్తాకారంలో పెరుగుతాయి. ఒక్క అడుగులో గరిష్ఠంగా 2147483647 వరకు ముందుకు పోవచ్చు. తప్పు సంఖ్యకు దానిని కలిపితే 4199555248 వస్తుంది. ముందు ఆ సంఖ్యను ప్రకటించి, అనుబంధ సర్వర్లన్నీ దానిని స్వీకరించాయని ఒక్కొక్కటిగా నిర్ధారించుకొని, అప్పుడు 2025071701 వ్రాస్తే, 4294967295 దాటాక సంఖ్యలు సున్నా నుంచి మొదలవుతాయి కనుక అది ముందడుగుగానే లెక్కకు వస్తుంది. ఒక్క సర్వర్ మధ్యమెట్టు తప్పిపోయినా అది అక్కడే నిలిచిపోతుంది, తొందర పనికిరాదు.

క్రమసంఖ్యలు సక్రమమే అయి, బదిలీ మాత్రం విఫలమవుతుంటే దారిని పరీక్షించాలి. సాధారణ ప్రశ్నలు యూడీపీ 53వ పోర్టులో సాగుతాయి. జోన్ బదిలీకి టీసీపీ 53 కావాలి. ఫైర్‌వాల్‌లో మొదటిదే తెరిచి రెండవది మరచినచోట, ప్రశ్నలన్నింటికీ చక్కగా జవాబులు వస్తూ, బదిలీ ఒక్కటే ఆగి ఉంటుంది. చిన్న జోన్ వచ్చి పెద్ద జోన్ మధ్యలో నిలిచిపోతుంటే, అనుమానించవలసినది మార్గంలోని టన్నెల్. అడవి దారిలో మైక్రోవేవ్ లంకె మీదుగానో, ఉపగ్రహ లంకె మీదుగానో టన్నెల్ వేసినప్పుడు ప్యాకెట్ల గరిష్ఠ పరిమాణం తగ్గుతుంది. ఆ సంగతి తెలిపే ఐసీఎంపీ సందేశాలను ఎవరైనా అడ్డగిస్తే, పెద్ద ప్యాకెట్లు జాడ లేకుండా మాయమవుతాయి. టీసీపీ ఖండపు పరిమాణాన్ని రూటర్‌లోనే కుదించి వ్రాయడం దీనికి మందు.

అన్నిటికంటే మోసకరమైనది గడియారం తప్పడం. అడిగినవారందరికీ జోన్ మొత్తాన్ని అప్పగించడం క్షేమం కాదు కనుక, బదిలీని టీసిగ్ అనే రహస్య తాళపుచెవితో ధ్రువీకరిస్తారు. ఆ ధ్రువీకరణలో సమయం కూడా భాగం. రెండు సర్వర్ల గడియారాల మధ్య అనుమతించే తేడా సాధారణంగా 300 సెకన్లు. పొడవైన విద్యుత్ అంతరాయం తరువాత, మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయిన పాత సర్వర్ ఏదో గతించిన సంవత్సరపు తేదీతో లేస్తుంది. గడియారాన్ని సరిచేసే ఎన్‌టీపీ సర్వర్‌ను పేరుతో వ్రాసి ఉంటే, ఆ పేరును తెలుసుకోవడానికి డీఎన్‌ఎస్ కావాలి. సంతకాలను సరిచూసే పరిష్కారక సర్వర్ అదే యంత్రంలో ఉంటే, తేదీ తప్పు కనుక సంతకాలు చెల్లవని అది ప్రతి సమాధానాన్నీ తోసిపుచ్చుతుంది. గడియారానికి పేరు కావాలి, పేరుకు గడియారం కావాలి. తాళపుచెవి సరైనదే, దారి సరైనదే, అనుమతి సరైనదే. అయినా బదిలీ జరగదు. ఎన్‌టీపీ సర్వర్లలో కనీసం ఒకటైనా ఐపీ చిరునామాతో వ్రాసి ఉండాలి. సర్వర్‌ను తెరిచిన ప్రతిసారీ ఆ చిన్న బ్యాటరీని మార్చడం కూడా నిర్వహణలో భాగమే.

ఈ సూత్రాలను మన ప్రాంతానికి అన్వయిద్దాం. ఒక సంస్థ ఖమ్మంలో కార్యాలయమూ, భద్రాచలంలో శాఖా నడుపుతూ తన జోన్‌ను తానే నిర్వహించుకుంటుందనుకుందాం. ప్రధాన సర్వర్‌ను ప్రజలకు కనబడకుండా ఖమ్మంలో లోపల ఉంచి, ప్రపంచానికి ప్రకటించే అనుబంధ సర్వర్లలో ఒకటి హైదరాబాదులో, మరొకటి చెన్నై వంటి దూరనగరంలో, మూడవది భద్రాచలంలో ఉంచడం సముచితం. అయితే మూడవదాని వల్ల కలిగే ప్రయోజనం గురించి భ్రమ ఉండకూడదు. వరదలో కేబుల్ తెగి భద్రాచలం వెలుపలి లోకంతో విడిపోతే, జోన్ నకలు పట్టణంలోనే ఉన్నా స్థానిక పరిష్కారక సర్వర్‌కు దాని జాడ తెలియదు. ఎందుకంటే అది మూలజోన్ నుంచి మొదలుపెట్టి దిగుతుంది, ఆ మూలం తెగిన కేబుల్‌కు అవతల ఉంది. అందుచేత స్థానిక పరిష్కారక సర్వర్‌లో ఆ జోన్ ఎక్కడ ఉందో నేరుగా వ్రాసి పెట్టాలి. మూలజోన్ నకలును కూడా స్థానికంగా ఉంచుకోవచ్చు. 2020 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8806 ఆ విధానాన్ని వివరించింది. మూలజోన్ ఎస్‌ఓఏలో గడువు 604800 సెకన్లు కనుక, ఆ నకలు ఏడు రోజులు చెల్లుతుంది. అదే ఏడాది వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8767, అధికారిక సర్వర్లు అందనప్పుడు టీటీఎల్ దాటిన సమాధానాన్నయినా ఇచ్చే పద్ధతిని ప్రామాణికం చేసింది. వరద హెచ్చరిక కాలంలో కాస్త పాత చిరునామా శూన్యం కంటే మేలు. అయితే ఆ చిరునామా వద్ద పేజీని అందించే వెబ్ సర్వర్ కూడా భద్రాచలం వైపే ఉండాలి. పేరు మాత్రమే దొరికి పేజీ దొరకకపోతే ప్రయోజనం లేదు.

జూన్‌లో రుతుపవనాలు రాకముందే ఈ ప్రాంతంలో నామసేవ నిర్వహించే ప్రతి ఒక్కరూ ఒక పని చేయాలని నా విన్నపం. పగటిపూట, ముందుగా ప్రకటించి, భద్రాచలం సర్వర్‌ను వెలుపలి నెట్‌వర్క్ నుంచి ఒక రోజంతా విడదీయండి. స్థానికంగా పేర్లు పలుకుతున్నాయో లేదో చూడండి. తిరిగి కలిపిన తరువాత ప్రతి సర్వర్ క్రమసంఖ్యనూ అడిగి, అన్నీ ఒకటయ్యేవరకు ఎంత సమయం పట్టిందో కాగితం మీద నమోదు చేయండి. ఆ కాగితాన్ని సర్వర్ ఉన్న గదిలోనే గోడకు అంటించండి. వరదరాత్రి డ్యూటీలో ఉండే ఉద్యోగికి అది చేతికి అందేచోట ఉండాలి.